నాన్నకు మన చేతి కానుక

జూన్ రెండోవారంలో బడులు తెరుస్తారు. పాత నోటుపుస్తకాలు అటకెక్కుతాయి, కొత్తవాటికి అట్టలు వేస్తారు. ఆ వెంటనే వచ్చే మూడో ఆదివారమే ఫాదర్స్ డే. ఫీజులకూ యూనిఫారాలకూ అప్పటికే జేబు ఖాళీ అయిన నాన్నకు, ఆ జేబులోని డబ్బుతోనే పర్సో కప్పో కొనివ్వడం కన్నా పిల్లలు సొంతంగా చేసిన వస్తువు ఇవ్వడం మేలు. కావలసిన సరంజామాలో చాలామటుకు ఇంట్లోనే ఉంటుంది.

ఈ వేడుక అమెరికాలో పుట్టింది. తల్లి చనిపోయాక ఆరుగురు పిల్లలను సాకిన తండ్రిని తలచుకుని సొనోరా స్మార్ట్ డాడ్ అనే మహిళ వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో 1910 జూన్ 19న దీన్ని జరిపించారు. తండ్రి ఉన్నవాళ్లు ఎర్ర గులాబీ, లేనివాళ్లు తెల్ల గులాబీ పెట్టుకున్నారు. ఆనాడు ఒక్క పువ్వు సరిపోయింది.

ఏం చేయాలో తేల్చుకునే ముందు నాన్న రోజూ ఏం వాడతారో పిల్లలను గమనించమనాలి. ఆటో నడిపే నాన్నకు కిరాయి లెక్కలుంటాయి. సేద్యం చేసే నాన్నకు కూలీల లెక్క, ఎరువుల ఖర్చు ఉంటాయి. ఇలాంటివాళ్లకు చిన్న లెక్కల పుస్తకం బాగా పనికొస్తుంది.

నిరుటి నోటుపుస్తకాల్లో రాయకుండా మిగిలిన జంట కాగితాలు పది పన్నెండు తీసి, మధ్యకు మడవాలి. పైన అట్టగా పాత శుభలేఖ వేస్తే గట్టిగానూ అందంగానూ ఉంటుంది. మడత మీద సమదూరంలో మూడు చిల్లులు పెట్టాలి. దబ్బనంతో చేసే ఈ పని పెద్దవాళ్లదే. దారాన్ని లోపలి నుంచి నడిమి చిల్లులో బయటికి తీసి, పై చిల్లులోంచి లోపలికి, కింది చిల్లులోంచి బయటికి, మళ్లీ నడిమి చిల్లులోంచి లోపలికి తెచ్చి ముడివేస్తే పుస్తకం సిద్ధం. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఒకసారి చూస్తే కుట్టేస్తారు.

ఇంకా చిన్నవాళ్లకు అద్దకం పని ఇవ్వొచ్చు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ పనివాళ్లు చెక్క అచ్చులతో బట్ట మీద బొమ్మలు అద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు ఉంటుంది. ఇంట్లో ఆ అచ్చు స్థానంలో బెండకాయ వాడుకోవచ్చు. అడ్డంగా కోస్తే రేకుల పువ్వులా కనిపిస్తుంది. తెల్లని నూలు జేబురుమాలును ముందు ఉతికి, గంజి పోగొట్టి ఆరబెట్టాలి. బెండకాయ ముక్క తడి తుడిచి, బట్టలకు వేసే రంగును పల్చగా పూసి, అంచు వెంబడి అద్దాలి. ఒక రంగు ఆరాకే రెండోది. పూర్తిగా ఆరాక తిరగేసి ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది. వరస వంకరపోయినా పెద్దవాళ్లు దిద్దకూడదు. ఆ వంకరలోనే బిడ్డ చెయ్యి తెలుస్తుంది.

గ్రీటింగ్ కార్డు కూడా కొననక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పాత సైన్సు పుస్తకంలో అమ్మ పుట్టినరోజుకు పసుపు కార్డు చేసే పద్ధతి ఉండేది. అది నాన్నకూ పనికొస్తుంది. పసుపును నీళ్లలో ముద్దగా కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టాలి. చీపురుపుల్లకు దూది చుట్టి, సబ్బునీళ్లలో ముంచి ఆ కాగితం మీద రాస్తే అక్షరాలు ఎర్రగా తేలతాయి. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పారాణికి పసుపులో సున్నం కలపడం వెనక ఉన్నదీ ఈ రసాయనమే. నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది కనుక, రాతలో తప్పు పోతే దిద్దుకోనూ వచ్చు.

రుమాలుకు ఆరే వ్యవధి కావాలి కనుక శుక్రవారమే మొదలుపెడితే మంచిది. పుస్తకం, కార్డు శనివారం సాయంత్రం చేసుకోవచ్చు. కార్డు మీద తేదీ, బిడ్డ పేరు పెన్సిల్‌తో రాయించాలి. వెలుతురుకు పసుపు రంగు వెలిసిపోతుంది కాబట్టి దాన్ని గోడకు అంటించకుండా లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి ఇవ్వాలి.