మైపాడు ఇసుక నుంచి మంచు లోయల దాకా!

సినిమాలో హిమాలయం ఎంత సుఖంగా ఉంటుందో! హీరోగారికి పల్చటి చొక్కా, హీరోయిన్ గారికి అంతకంటే పల్చటి చీర. మొదటి చరణంలో లోయలో ఉన్నవాళ్లు రెండో చరణానికి కొండకొమ్మున ప్రత్యక్షం! ఆయాసం లేదు, దగ్గు లేదు, తలనొప్పి అసలే లేదు. ఆ పాట చూసొచ్చి మైపాడు బీచిలో కూచున్న నెల్లూరు కుర్రాడికి "మనమూ ఓ ట్రిప్పేస్తే?" అనిపించిందంటే తప్పు వాడిదా?

వెళ్లొచ్చు. నిక్షేపంగా వెళ్లొచ్చు. కాకపోతే ఆ రెండు చరణాల మధ్య ఏముందో ముందే తెలుసుకుంటే మంచిది.

మనాలి పైన హంప్టా కనుమనే తీసుకోండి. సుమారు 14 వేల అడుగులు. ఇటు కులు లోయంతా దేవదారు చెట్లు, పచ్చిక, పూలు. కనుమ దాటి అటు దిగితే లాహౌల్! చెట్టన్నది కనబడదు. రాయి, బూడిదరంగు మట్టి, గాలి. వానమబ్బుల్ని కొండలే ఇవతల ఆపేస్తాయి మరి. ఒక్కరోజు నడకలో రెండు దేశాలు చూసినట్టుంటుంది. ఏ సెట్టింగుల డైరెక్టరూ ఇంత మార్పు ఒక్క రీల్లో చూపించలేడు!

దారిలో వాగులున్నాయి. పొద్దున మోకాలి లోతు ఉన్న వాగు మధ్యాహ్నానికి నడుము దాకా రావచ్చు. వాన పడక్కర్లేదు, ఎండకి పైన మంచు కరిగితే చాలు. అందుకే తెలిసినవాళ్లు తెల్లారగట్లే దాటేస్తారు. రాత్రి డేరాలో బస. ఇహ వంట సంగతంటారా? అంత ఎత్తున నీళ్లు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. మన నెల్లూరు మొలగొలుకులు గిన్నెలో వేసి కూచుంటే నీళ్లు తెర్లుతూనే ఉంటాయి, బియ్యం మాత్రం ఉడకవు! కుక్కరుండాల్సిందే.

అసలు గండం గాలిలో ఉంది. సముద్రమట్టాన పుట్టి పెరిగిన ఒళ్లు మనది. 14 వేల అడుగుల మీద ఊపిరికి ఒకసారి అందే ప్రాణవాయువు ఇక్కడ అందేదాంట్లో అరవై పాళ్లే. ఒంటికి అలవాటు కావడానికి రోజులు పడుతుంది. అంచేత పదివేల అడుగులు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకి పదిహేను వందల అడుగుల కంటే ఎక్కువ పెంచవద్దంటారు డాక్టర్లు. తలనొప్పి, వాంతి, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అక్కడే ఆగాలి. తగ్గకపోతే దిగిపోవాలి. కూచున్నా ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానించి, అర్ధరాత్రయినా సరే కిందికి దించాలి. "ఫ్రెండ్స్ నవ్వుతారేమో" అని దాచుకునే మొనగాళ్లకే ప్రాణం మీదికొస్తుంది.

నెల్లూరోళ్లకి కొండలేమిటని ఎవరైనా అంటే మల్లి మస్తాన్ బాబు పేరు చెప్పండి. సంగం మండలం గాంధీ జనసంఘం పల్లెలో 1974లో పుట్టాడు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. ఆ స్కూలు పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985 ఆర్మీ ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయారు. ఆయన విగ్రహమే ఈ కుర్రాడికి కొండల పిచ్చి అంటించింది. ఆ తర్వాత ఐఐటి ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తా! ఆ చదువుకి ఏ కంపెనీ అయినా ఎర్ర తివాచీ పరిచేది. మస్తాన్ మాత్రం మంచు మీద నడిచాడు. 2006లో జనవరి నుంచి జులై లోపల, 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలూ ఎక్కేశాడు. అందులో ఎవరెస్టు కూడా ఉంది. అప్పటికి అంత వేగంగా ఎక్కినవాడు లేడు.

2015 మార్చి 21, ఉగాది. 'ఎవడే సుబ్రమణ్యం' విడుదలైంది. నాని, విజయ్ దేవరకొండలతో నాగ్ అశ్విన్ తీసిన మొదటి సినిమా. స్నేహితుడి అస్థికలతో దూద్ కాశీకి వెళ్లే కథ. సెట్టింగులు కాదు, నిజంగా హిమాలయాలకే వెళ్లి తీశారు. సరిగ్గా మూడు రోజులకి, మార్చి 24న, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద మస్తాన్ ఒంటరిగా శిఖరం ఎక్కుతూ కనబడకుండా పోయాడు. ఏప్రిల్ మొదటివారంలో మృతదేహం దొరికింది. ఇక్కడ హాల్లో మనం స్నేహితుడి కోసం కొండెక్కే హీరోని చూసి కళ్లు తుడుచుకుంటున్న వారాల్లోనే, సంగం దగ్గర ఆ పల్లెలో ఒక తల్లి కొడుకు కబురు కోసం ఎదురుచూసింది. ఇలాంటిది కథలో రాస్తే "మరీ సినిమాటిక్‌గా ఉందండీ" అంటాం.

ఏడు శిఖరాలెక్కిన మనిషికే అలా అయిందంటే, మొదటిసారి వెళ్లే మీరు ఒంటరిగా వెళ్లొద్దని వేరే చెప్పాలా? యూత్ హాస్టల్స్ అసోసియేషన్ లాంటివాళ్లు సార్ పాస్ వంటి చోట్లకి జట్లుగా తీసుకెళ్తారు. డేరాలు వాళ్లవే, ఖర్చూ తక్కువే. ఈలోగా వీపున పది కిలోల మూట వేసుకుని మైపాడు ఇసుకలో నడవండి. ఆదివారం ఆదివారం ఉదయగిరి దుర్గం ఎక్కండి, మూడువేల అడుగుల పైచిలుకు కొండ అది. బూట్లు మాత్రం కొత్తవి కొని తిన్నగా రైలెక్కేయకండి. నెల రోజులు ఇక్కడే తొడిగి అరగదీయండి, ఆ బొబ్బలేవో నెల్లూర్లోనే ఎక్కుతాయి!