బొల్లికోడి, నీలి బొల్లికోడి: వరి పొలంలో నష్టకారిని గుర్తించడం ఎలా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో చెరువులకు, కుంటలకు ఆనుకొని వరి సాగయ్యే పొలాలు అనేకం. ఇటువంటి పొలాలలో పిలకలు విరిగిపడినప్పుడు "బొల్లికోడి పాడుచేసింది" అని రైతు చెబితే, అది ఏ బొల్లికోడి అన్నది విస్తరణ శాస్త్రవేత్త ముందుగా తేల్చుకోవాలి. తెలుగులో ఈ పేరు రెండు వేర్వేరు పక్షులకు వర్తిస్తున్నది. గుర్తింపులో పొరపాటు జరిగితే సలహా కూడా పొరపాటే అవుతుంది.

రూప భేదాలు

ఈ రెండూ నీటిపక్షులే అయినా బాతులు కావు. రాలిడే కుటుంబానికి చెందినవి. బొల్లికోడి శాస్త్రీయ నామం ఫ్యూలికా ఆట్రా. పొడవు సుమారు 40 సెం.మీ. శరీరం బొగ్గు నలుపు. ముక్కు, నుదుటిపై బిళ్ల తెల్లగా ఉంటాయి. 'బొల్లి' అన్న మాట ఈ పక్షికే సరిగ్గా అతుకుతుంది. నీలి బొల్లికోడి, అనగా పార్ఫిరియో పోలియోసెఫాలస్, ఇంతకంటె పెద్దది. పొడవు 45 నుండి 50 సెం.మీ. ఒళ్లు ఊదా కలిసిన నీలం, తల బూడిద వన్నె. ముక్కు, నుదుటి బిళ్ల, కాళ్లు ఎరుపు. నడిచేటప్పుడు తోకను ఎగరవేస్తే దాని కింది తెలుపు కనబడుతుంది.

పిల్ల పక్షులలో రంగులు స్ఫుటంగా ఉండవు. అప్పుడు కాలివేళ్లను పరిశీలించాలి. బొల్లికోడి వేళ్లకు ఇరువైపులా తమ్మెల వంటి చర్మపు అంచులు ఉంటాయి. ఇవి ఈతకు తోడ్పడతాయి. నీలి బొల్లికోడి వేళ్లు అంచులు లేకుండా, సన్నగా, చాలా పొడవుగా ఉండి, నీటి మొక్కలపై నడకకు అనుకూలిస్తాయి. మడిలోని బురదపై పడిన అడుగుజాడలలోనూ ఈ భేదం తెలుస్తుంది.

ప్రవర్తన, ఆహారం

బొల్లికోడి విశాలమైన నీటిపై గుంపులుగా ఈదుతూ, మునిగి నీటి మొక్కలను తింటుంది. ఎగిరే ముందు నీటిపై చాలా దూరం పరుగెత్తుతుంది. సిరిసిల్ల జిల్లాలోని మధ్య మానేరు వంటి జలాశయాలు దీనికి అనువైనవి. శీతాకాలంలో వలస పక్షులు వచ్చి చేరడంతో మన దేశంలో వీటి సంఖ్య పెరుగుతుంది. యాసంగి నాట్లు కూడా అదే కాలంలో పడతాయి. కళ్ల ఎదుట కనబడే గుంపుపైనే అనుమానం కలగడం సహజం.

నీలి బొల్లికోడి ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది. జమ్ము, తుంగలలో దాగి, వానాకాలంలో గూడు కడుతుంది. లేత కాడను పీకి, చిలుక వలె కాలితో పట్టుకొని, మెత్తని మొదలును తింటుంది. వరి పిలకలకు నష్టం ప్రధానంగా దీనివల్లనే. బొల్లికోడి వరిని అసలు ముట్టదని కాదు. నీటి అంచున లేత పైరును మేయగలదు.

పొలంలో ఆధారాలు

జమ్ముకు దగ్గరి గట్టు వెంబడి నష్టం కేంద్రీకృతమై, నమిలి వదిలిన కాడలు, పొడవైన వేళ్ల జాడలు కనబడితే నీలి బొల్లికోడిని అనుమానించాలి. పిలకలు మొదట్లో ఏటవాలుగా కొరికి ఉంటే, అది ఎలుక పని కావచ్చు. తెల్లవారుజామున, సాయంత్రం ప్రత్యక్షంగా గమనించిన తరువాతనే నిర్ధారణకు రావాలి.

యాజమాన్యం

ఈ రెండు పక్షులకూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉన్నది. విషపు ఎరలు చట్టవిరుద్ధమే కాక, కీటకాలను తినే కొంగలను సైతం చంపుతాయి. చంపడం ఫలితమివ్వదనడానికి అమెరికాలోని ఫ్లోరిడా ఉదాహరణ. అక్కడ బయటి నుండి చేరి విస్తరించిన నీలి బొల్లికోళ్లను 2006–2008 మధ్య మూడు వేలకు పైగా కాల్చివేసినా నిర్మూలన సాధ్యం కాక, ఆ ప్రయత్నాన్ని విరమించుకున్నారు.

పక్షి పొదిగే కాలం ముగిసిన తరువాత, పొలం గట్టును ఆనుకొన్న మేరకు మాత్రమే జమ్మును తొలగించడం, పైరు లేతగా ఉన్నప్పుడు ఆ వైపున వల లేదా మెరుపు రిబ్బన్లు కట్టడం మేలు. చెరువంతా జమ్ము తీసివేస్తే ఇతర పక్షుల ఆవాసమూ పోతుంది.

పొలాస పరిశోధన స్థానం పరిధిలో క్షేత్ర సందర్శనకు వెళ్లే వ్యవసాయ విద్యార్థులకు, కోరుట్ల పశువైద్య విద్యార్థులకు ఈ గుర్తింపు సమానంగా అవసరం. బర్డ్ ఫ్లూ నిఘాలో చనిపోయిన పక్షి వలస వచ్చినదా, స్థానికమా అన్నది ముఖ్య సమాచారం. కనుక నివేదికలో 'బొల్లికోడి' అని మాత్రమే రాయక, ముక్కు రంగు, వేళ్ల తీరు, చూసిన చోటు, తేదీ తప్పక నమోదు చేయాలి.