రొమ్ము కేన్సరు: మన అలవాట్లు, మన జాగ్రత్తలు

"మద్యం ముట్టం, మాంసం తినం, ఎవరికీ కీడు తలపెట్టం. మాకెందుకు వస్తుంది?" అనే మాట మన ఇళ్ళలో పెద్దల నోట తరచుగా వింటూ ఉంటాము. రొమ్ము కేన్సరు సంగతి ఎత్తగానే మొదట ఎదురయ్యేది ఈ మాట, తరువాత ఎదురయ్యేది మౌనం. రెండింటిలోనూ హాని ఉన్నది. ఆస్ట్రేలియాలో ఏటా ఇరవై వేలమందికి పైగా స్త్రీలకు ఈ జబ్బు ఉన్నట్లు తేలుతున్నది. 85 ఏళ్ళు నిండేలోగా సుమారు ఏడెనిమిది మందిలో ఒకరికి ఇది వస్తుందని లెక్క. ఫిజీ నుండి వచ్చి సిడ్నీ, బ్రిస్బేన్, మెల్బోర్న్ నగరాలలో స్థిరపడిన మన కుటుంబాలు ఈ లెక్కకు వెలుపల లేవు.

మన నాయనమ్మల, అమ్మమ్మల కాలంతో పోల్చి చూస్తే విషయం కొంత బోధపడుతుంది. ఫిజీకి గిర్మిట్ ఓడలు 1879లో మొదలైనా, మద్రాసు రేవు నుండి దక్షిణాదివారు రావడం 1903లో ఆరంభమయింది. ఒప్పందం ప్రకారం దినకూలి పురుషునికి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్సులు. పొద్దుపొడవక ముందే లేచి, వంట చేసి, చెరకు తోటలో కలుపు తీసి, సాయంత్రం లైనుకు తిరిగివచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించిన స్త్రీకి వ్యాయామం చెయ్యమని చెప్పవలసిన పని లేదు. బిడ్డల మీద బిడ్డలు, ఒక్కొక్కరికి ఏళ్ళ తరబడి పాలు. ఆ కష్టాన్ని ఆరోగ్యమని పొగడటం మా ఉద్దేశం కాదు. ఈ జబ్బు ఎక్కువగా కనిపించే వయస్సుకు చేరకుండానే కన్నుమూసినవారు వారిలో ఎందరో. వచ్చినా పేరు పెట్టి చెప్పగల డాక్టరు దగ్గరలో లేడు. కనుక "ఆ రోజుల్లో ఇది లేదు" అనే వాదనకు బలం తక్కువ.

అయినా వలసతో ప్రమాదం మారుతుందన్నది మాత్రం నిజం. అమెరికాలోని చైనా, జపాను, ఫిలిప్పీను సంతతి స్త్రీలను గురించి 1993లో ఒక పరిశీలన ప్రచురించారు. పాశ్చాత్య దేశాలలో పుట్టినవారికి, ఆసియాలో పుట్టి వలస వచ్చినవారికంటె రొమ్ము కేన్సరు ప్రమాదం 60 శాతం ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. రక్తం అదే, వంశం అదే. మారినది బ్రతుకు తీరు. రెండుసార్లు సముద్రం దాటిన మనవంటివారు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి.

బ్రతుకు తీరుకూ రొమ్ముకూ సంబంధమేమిటి? స్త్రీ శరీరంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉన్నది. రొమ్ములోని కణాలను పెరగమని ప్రేరేపించేది అదే. కణాలు ఎంత ఎక్కువగా చీలి పెరిగితే, వాటిలో ఒకటి దారి తప్పే అవకాశం అంత ఎక్కువ. తొందరగా రజస్వల కావడం, ముట్లు ఆలస్యంగా ఆగడం, కాన్పులు తక్కువ కావడం, ఇవన్నీ ఈ హార్మోను ప్రభావాన్ని పెంచుతాయి. వీటిలో చాలా భాగం మన చేతిలో లేదు. ముట్లు ఆగిన తరువాత అండాశయాలు చేసే పనిని శరీరంలోని కొవ్వు అందుకుంటుంది, ఈస్ట్రోజెన్‌ను అదే తయారు చేస్తుంది. అందువల్ల యాభై దాటినాక పెరిగే బరువుకు ప్రమాదం ఎక్కువ. మనవారికి ఒళ్ళంతా సన్నగా ఉన్నా కొవ్వు నడుము చుట్టే చేరుతుంది కనుక కాటా ఒక్కటే చాలదు, కొలత టేపు కూడా కావాలి. స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా ఉండటం మేలు.

నడక విషయంలో ఈ దేశపు ఆరోగ్యశాఖ చెప్పే కొలత వారానికి 150 నుండి 300 నిమిషాలు. ఊపిరి కొంచెం వేగం కావాలి, కాని మాట్లాడగలగాలి. సాయంత్రం వదినతోనో కోడలితోనో పార్కు చుట్టూ అరగంట నడిస్తే సరిపోతుంది.

మద్యం సంగతి కొంత విడమర్చి చెప్పాలి. నంగోనలో మద్యం లేదు గనుక దానిని ఇక్కడ కలపడం లేదు. అయితే నంగోన తరువాత వచ్చే బీరు, పెళ్ళివిందులో ఆడవాళ్ళ చేతికి కూడా చేరుతున్న వైను గ్లాసు, వీటిమాట వేరు. రోజుకు 10 గ్రాముల మద్యం, అంటే సుమారు 100 మిల్లీలీటర్ల వైను, రొమ్ము కేన్సరు ప్రమాదాన్ని ఏడు నుండి పది శాతం పెంచుతుంది. నూరుమంది స్త్రీలలో పదముగ్గురికి వచ్చే జబ్బు పదునాలుగురికి వస్తుందని అర్థం చేసుకోవచ్చు. భయపడి పారిపోవలసిన అంకె కాదు, కొట్టిపారేయదగినదీ కాదు. ఎర్ర వైను గుండెకు మంచిదన్న మాటతో రొమ్ముకు ఊరట లేదు.

పాలివ్వడం గురించి 2002లో ముప్ఫై దేశాల లెక్కలు కలిపి చూశారు. బిడ్డకు పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ ప్రమాదం 4.3 శాతం తగ్గింది. ఇక పసుపు తింటే రాదని, బిగుతు రవిక వేస్తే వస్తుందని, దెబ్బ తగిలితే వస్తుందని చెప్పే మాటలకు ఆధారం లేదు. పసుపు కూరలో వేసుకోండి, మందుగా నమ్మకండి.

ఇన్ని చెప్పినా అసలు సంగతి మిగిలే ఉన్నది. మంచి అలవాట్లు ప్రమాదాన్ని తగ్గిస్తాయి, తుడిచివేయవు. ఏ తప్పూ చేయని స్త్రీకి కూడా ఈ జబ్బు వస్తుంది. వచ్చినవారిని చూచి "ఏం తిన్నదో, ఏం చేసిందో" అని గుసగుసలాడటం అన్యాయం, అజ్ఞానం కూడా. ఆ గుసగుసలకు జడిసి గడ్డను చీరకొంగు చాటున దాచుకున్న తల్లులు ఎన్నో సంఘాలలో ఉన్నారు.

తొలిదశ ఎటువంటిదో తెలిస్తే దాచడంలోని నష్టం అర్థమవుతుంది. చాలావరకు కేన్సరు పాలనాళాలలో పుడుతుంది. నాళం గోడ దాటనంతకాలం నొప్పి ఉండదు, చాలాసార్లు చేతికి గడ్డ కూడా తగలదు. మమోగ్రాం అనే ఎక్స్‌రేలో సున్నపు రేణువులవలె తెల్లని చుక్కలు మాత్రం కనపడవచ్చు. ఇటువంటి వాటిలో కొన్ని ఎప్పటికీ ముదరవు. ఏవి ముదురుతాయో, ఏవి ముదరవో నిశ్చయంగా చెప్పే విద్య ఇంకా రాలేదు గనుక డాక్టర్లు సాధారణంగా చికిత్స చేస్తారు. అవసరం లేని చికిత్స కొందరికి జరుగుతుందన్నది ఒప్పుకోవలసిన మాటే. అయినా ఎదుటి తట్ట చూడండి. ఆస్ట్రేలియాలో 2011లో జబ్బు తేలినవారిని గమనించగా, మొదటి దశలో పట్టుబడినవారు దాదాపు అందరూ అయిదేళ్ళ తరువాత బ్రతికే ఉన్నారు. నాలుగవ దశలో ఆ సంఖ్య నూటికి 32 మాత్రమే.

2005లో గాయని కైలీ మినోగ్‌కు 36వ ఏట ఈ జబ్బు ఉన్నదని వార్త వచ్చినప్పుడు, రెండు వారాలలో మమోగ్రాం కోసం పేరు నమోదు చేసుకున్నవారు 40 శాతం పెరిగారు. అంతకుముందు ఎన్నడూ చేయించుకోనివారిలో పెరుగుదల అంతకు రెట్టింపు దాటింది. ఒక పేరు పైకి చెబితే ఇంత కదలిక వచ్చింది. మన సంఘంలో నయమైన స్త్రీలు నోరు విప్పితే పదిమంది అక్కచెల్లెళ్ళు కదులుతారని మా నమ్మకం.

1991లో మొదలైన బ్రెస్ట్‌స్క్రీన్ ఆస్ట్రేలియా కార్యక్రమం 50 నుండి 74 ఏళ్ళ స్త్రీలను రెండేళ్ళకొకసారి పిలుస్తుంది. నలభై నిండినవారు పిలుపు లేకున్నా వెళ్ళవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు, డాక్టరు చీటీ అక్కరలేదు. టెలిఫోను 13 20 50. ఇంగ్లీషు రాని అత్తగారి కోసం 131 450కి ఫోను చేసి దుభాషిని అడగవచ్చు. పలకల మధ్య రొమ్మును కొన్ని క్షణాలు నొక్కుతారు, కొంచెం నొప్పి ఉంటుంది. మళ్ళీ రమ్మని ఉత్తరం వస్తే గుండె జారనక్కరలేదు, అలా పిలిచినవారిలో అత్యధికులకు కేన్సరు ఉండదు. కాని గడ్డ, చర్మంలో సొట్ట, చనుమొన లోపలికి లాగడం, దాని నుండి రక్తం, వీటిలో ఏది కనిపించినా ఈ పిలుపు కోసం ఆగకండి. అమ్మాయి వయస్సు ముప్ఫై అయినా సరే, ఆ వారంలోనే కుటుంబ వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. తల్లికో అక్కకో చిన్నవయస్సులో ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందుగా చెప్పండి.