వానాకాలం పుట్టకొక్కులు: బలం ఎంత, భయం ఎంత?

ఈ రోజు మన టాపిక్ పుట్టకొక్కులు. మృగశిర కార్తె దాటి రెండు గట్టి వానలు పడ్డాయంటే చాలు, నర్సంపేట, ములుగు, ఏటూరునాగారం వైపు రోడ్ల పక్కన గంపల్లో పెట్టి అమ్ముతుంటారు కదా, అవే. రేటు చూస్తే చాలాసార్లు చికెన్‌ని దాటేస్తుంది. "షుగర్ పోతుంది, క్యాన్సర్ రాదు" అని మీ ఫోన్‌కి ఫార్వర్డ్‌లు కూడా వచ్చే ఉంటాయి. ఇందులో నిజం ఎంతో చూద్దాం.

ముందు ఇవి ఎందుకంత స్పెషల్? బటన్ మష్రూమ్‌లా షెడ్డులో వీటిని పెంచలేరు. వీటిని పెంచేది చెదపురుగులు! అవును, నిజమే. చెదలు ఎండుటాకులు, కట్టెపుల్లలు నమిలి, పుట్ట లోపల స్పాంజి లాంటి గూడు కడతాయి. దాని మీద ఈ బూజు పెరుగుతుంది. చెదలకు అదే తిండి. సైన్స్‌లో దీని పేరు టెర్మిటోమైసిస్. ఈ వ్యవసాయం దాదాపు 3 కోట్ల ఏళ్లుగా నడుస్తోందట, అంటే మనిషి నాగలి పట్టకముందు నుంచే అన్నమాట. నేలలోకి తడి బాగా దిగాక ఆ గూటి నుంచి పొడవాటి వేరు లాంటి కాడతో కొక్కు పైకి పొడుచుకొస్తుంది. ఉరుములకు మొలుస్తాయని పెద్దలు అనేది ఈ సీజన్‌ని చూసే.

అందుకే కొక్కు తీసేటప్పుడు పుట్టను గడ్డపారతో తవ్వొద్దు. లోపలి గూడు చెడితే వచ్చే ఏడు అక్కడ కొక్కులు రావు. కాడ పట్టి మెల్లగా లాగితే సరిపోతుంది.

ఇక మందు సంగతి. మధ్య భారతంలోని గిరిజనులు జలుబు, జ్వరం, నీరసం ఉన్నప్పుడు ఈ జాతి పుట్టగొడుగులు వాడతారని పరిశోధకులు రాసిపెట్టారు. మన ఊళ్లలో కూడా "బలం" అనే పెడతారు. ఆ బలం ఎక్కడిది? పచ్చి పుట్టగొడుగులో దాదాపు 90 శాతం నీళ్లే. 100 గ్రాములకు ప్రొటీన్ సుమారు 2 నుంచి 4 గ్రాములు. అంటే మటన్‌తో సమానం అనేది కరెక్ట్ కాదు. కానీ కూరగాయల్లో చూస్తే మంచి లెక్కే. కొవ్వు చాలా తక్కువ. బి విటమిన్లు, పొటాషియం, పీచు ఉంటాయి.

ఇంకో మంచి పాయింట్ విటమిన్ డి. పుట్టగొడుగుల్లో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండ తగిలితే అది విటమిన్ డి2గా మారుతుంది. మార్కెట్లో దొరికే బటన్ మష్రూమ్ ముక్కల్ని మధ్యాహ్నం ఎండలో ఓ అరగంట, గంట పెడితే 100 గ్రాముల్లో 400 ఐయూ దాకా రావచ్చు. మనకు రోజుకి కావాల్సింది 600 ఐయూ. ఖర్చు లేని పని కదా!

మరి షుగర్, క్యాన్సర్? ఈ జాతి మీద చాలా వరకు ప్రయోగాలు జరిగింది ల్యాబ్‌లో, ఎలుకల మీద. మనుషుల్లో జబ్బు తగ్గుతుందని అవి రుజువు చేయలేదు. కాబట్టి కూరలా తినండి, మాత్రలు మాత్రం ఆపొద్దు.

ఇప్పుడు అసలు విషయం, స్కిప్ చేయకండి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో విషపు పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. ఎక్కువ మంది తేయాకు తోటల కుటుంబాల వాళ్లు. కొన్ని రకాల్లో ఉండే అమటాక్సిన్ అనే విషం ఎంత ఉడికించినా పోదు. తిన్న 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. మధ్యలో ఒక రోజు తగ్గినట్టే అనిపిస్తుంది. ఆలోపు లివర్ పాడవుతుంటుంది.

వెల్లుల్లి నల్లబడితే విషం, వెండి నాణెం వేసి చూడు, పురుగు తింటే మనమూ తినొచ్చు... ఇవేవీ పనిచేయవు. ఫోటో తీసి యాప్‌లో చూసుకోవడం కూడా అంతే. పుట్టకొక్కులా కనిపించే ఒక తెల్ల రకం గడ్డిలో మొలుస్తుంది. ముదిరితే గొడుగు కింది రేకులు పచ్చబారతాయి. లేతగా ఉన్నప్పుడు మాత్రం తెల్లగానే ఉంటాయి. తింటే గంటల్లోనే వాంతులు పట్టుకుంటాయి. ఫోటోలో కాడ ఎంత లోతు దిగిందో, కింద పుట్ట ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అది తెలిసేది ఏళ్ల తరబడి అదే అడవిలో ఏరుతున్న అమ్మలకు, తాతలకు. వాళ్ల దగ్గరే కొనండి, వీలైతే వెంట వెళ్లి నేర్చుకోండి. ఏ కాస్త డౌట్ ఉన్నా పారేయండి. మట్టి బాగా కడిగి, అదే రోజు పూర్తిగా ఉడికించి తినండి. మొదటిసారైతే కొంచెమే. తిన్నాక తేడా చేస్తే 108కి ఫోన్ చేయండి. వరంగల్‌లో అయితే నేరుగా ఎంజీఎం ఎమర్జెన్సీకి వెళ్లండి. మిగిలిన ముక్కలు కూడా పట్టుకెళ్తే డాక్టర్లకు పనికొస్తాయి. వాంతులు తగ్గాయని ఇంట్లో మాత్రం ఉండిపోకండి.

మీ ఊళ్లో వీటిని ఏమని పిలుస్తారు, ఎలా వండుతారు? కామెంట్‌లో చెప్పండి. ఇంట్లో పుట్టకొక్కులు తెచ్చే వాళ్లుంటే ఈ వీడియో వాళ్లకు తప్పకుండా చూపించండి.