చినుకు మన ఊరిదే... చేరేది ఏ కడలికి?

అమరాపురంలో వాన పడింది. గుట్ట మీది నీళ్లు వంకలోకి దిగాయి. వంక పొంగి చెరువు చేరింది. చెరువు నిండి మరవ పారితే పొరుగూరికి పండగే. మరి ఆ తర్వాత?

‘సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. దాంతో మనకేం పని?’ అనుకుంటాం. కానీ కడలి ఒడ్డు కథ మొదలయ్యేది ఇలాంటి గుట్టల మీదే. నెల్లూరు పొలానికి అందే తడికీ, ఉప్పెక్కని బావికీ, వంతెనను కొట్టుకుపోయే వరదకీ మూలాలు ఎగువనే ఉన్నాయి.

ఒక్క సీమ... రెండు దారులు

ఒకచోట పడిన వానంతా ఒకే వంకకో, ఒకే నదికో చేరితే ఆ నేలంతా కలిపి ఒక వాటర్‌షెడ్. ఇంటి కప్పునే చూడండి. నడికొప్పుకి ఇటు పడిన చినుకు వాకిట్లోకి జారితే, అటు పడింది పెరట్లోకి పోతుంది. మడకశిర సీమ కూడా అలాంటి నడికొప్పే!

అమరాపురం పొరుగునే అగళి మీదుగా సాగే స్వర్ణముఖి పడమటి దారి పడుతుంది. కర్ణాటకలో హిరియూరు వైపు వెళ్లి వేదవతిలో కలుస్తుంది. వేదవతి మళ్లీ మన రాయదుర్గం ప్రాంతానికి వచ్చి, భైరవానితిప్ప దాటి, హగరి పేరుతో తుంగభద్రను చేరుతుంది. తుంగభద్ర కృష్ణలో, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో... అదీ ఆ చినుకు యాత్ర.

తూర్పున హిందూపురం వైపు కథ వేరు. కర్ణాటకలోని దేవరాయనదుర్గం కొండల్లో పుట్టిన జయమంగళి పరిగి దగ్గర పెన్నలో కలుస్తుంది. నంది కొండల్లో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు నడిచి, తాడిపత్రి, గండికోట, సోమశిల, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. బుక్కపట్నం, ధర్మవరం చెరువులకు ప్రాణం పోసే చిత్రావతి కూడా చివరికి పెన్న బిడ్డే.

ఆరు దోషాలు చెప్పిన రాయి

ఈ సీమకు నీటి విలువ ఎవరో నేర్పాల్సిన పని లేదు. అమరాపురం మండలంలోని హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన మాత్రమే పడే ఉమ్మడి అనంతపురం నేల మీద రాజ్యాలు నిలిచాయంటే చెరువుల చలవే.

ఆ విద్య ఎంత లోతైనదో కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చెబుతుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన శాసనమది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని చేయించాడట. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ అందులో లెక్కగా చెక్కించాడు. కట్ట కారడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం... ఇవి అయిదు. ఆరోది వింటే ఆశ్చర్యపోతాం: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం!

సరిహద్దు మండలాలకు ఈ దోషం కొత్తది కాదు. నదులకు ఎల్లలు తెలియవు, ప్రభుత్వాలకు తెలుసు. ఎగువన మైసూరు కొత్త కట్టడాలు కట్టాలంటే దిగువన మద్రాసు సమ్మతి తీసుకోవాలంటూ 1892లో కుదిరిన ఒప్పందంలో వేదవతి, పెన్న, చిత్రావతి, పాపఘ్ని పేర్లన్నీ ఉన్నాయి. అంటే ఎగువ-దిగువ తగువు నూట ముప్పై ఏళ్ల కిందటే కాగితమెక్కింది.

పైన పారితే... కింద మునిగె!

2021 నవంబరు గుర్తుందా? రాయలసీమలో వానలు దంచికొట్టాయి. నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ల మీద పడింది. ఆ చెయ్యేరూ పెన్నకు ఉపనదే. ఎగువన పడిన వానే నెల్లూరు దగ్గర వరదై జాతీయ రహదారినీ, రైలు మార్గాన్నీ స్తంభింపజేసింది.

వరదే కాదు, నీటి కరవూ ఎగువ నుంచే దిగుతుంది. నదిలో నీరు తగ్గితే తీరంలో ఉప్పునీరు భూగర్భంలోకి చొరబడుతుంది. నది తెచ్చే ఇసుక, ఒండ్రు తగ్గితే ఒడ్డు కోతకు గురవుతుంది. వంకలో ఇసుక తోడేస్తే ఇక్కడ బోర్లు ఎండటమే కాదు, అక్కడ తీరం కూడా నష్టపోతుంది. ఇసుక అంటే ఇల్లు కట్టే సరుకే కాదు, నీటిని పట్టి ఉంచే స్పాంజి కూడా.

అయితే ఎగువ వాళ్లు చుక్క వాడకూడదా? వాడుకోవాలి. కానీ వానను నేలలోకి ఇంకించుకోవడం వేరు, బోరుతో నేల అడుగున ఉన్నదంతా తోడేయడం వేరు. మొదటిది వరద ఉరవడిని తగ్గించి, వంకను ఎక్కువ రోజులు పారిస్తుంది. రెండోది ఎగువకూ దిగువకూ కూడా మిగల్చదు. ఎండలు ముదిరితే వక్క, మల్బరీ తోటలను కాపాడుకోవడానికి బోరు మీద బోరు వేసే రైతుకు ఈ తేడా అప్పుల రూపంలో తెలుస్తూనే ఉంటుంది.

మరో చిత్రం చూడండి. ఇప్పుడు హంద్రీ-నీవా ద్వారా కృష్ణా జలాలను శ్రీశైలం నుంచి ఈ సీమకు ఎత్తిపోస్తున్నారు. శ్రీశైలం నిండు నీటిమట్టం 885 అడుగులు. మడకశిర ఉన్నది సుమారు 2,200 అడుగుల ఎత్తున! స్వర్ణముఖి దారిన ఉచితంగా దిగిపోయిన చినుకును కరెంటు ఖర్చుతో మళ్లీ పైకి తెచ్చుకుంటున్నట్టే కదా. కాలువ నీళ్లు రావాల్సిందే. కానీ కొండ మీది చినుకును వదిలేసి కాలువ కోసమే ఎదురుచూడటం ఏం లెక్క?

లెక్క తెలిస్తే సగం గెలిచినట్టే

1995 నుంచి అమలైన వాటర్‌షెడ్ మార్గదర్శకాల ప్రకారం ఒక్కో వాటర్‌షెడ్ విస్తీర్ణం సుమారు 500 హెక్టార్లు. వాటిని రూపొందించిన కమిటీకి అధ్యక్షుడు తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్.హనుమంతరావు. 550 మిల్లీమీటర్ల లెక్కన అంత నేల మీద ఏడాదిలో పడే వాన 275 కోట్ల లీటర్లు! అలాంటి పదింటి వాన కలిపితే దాదాపు ఒక టీఎంసీ. ఇందులో చాలా భాగం ఆవిరైపోతుంది, కొంత పంటకు పోతుంది. మిగిలిన దాంట్లో ఎంత పారిపోవాలి, ఎంత ఇంకాలి అన్నదే మన చేతుల్లో ఉన్న సంగతి.

ఆ పని ఎప్పుడూ గుట్ట మీద మొదలుపెట్టి కిందికి దిగాలి. పైన చెట్లు, కందకాలు... వాలులో గట్లు... వంకలో రాతి కట్టలు... ఆఖరున చెక్‌డ్యాం, చెరువు. పైన ఏమీ చేయకుండా కింద చెక్‌డ్యాం కడితే రెండు మూడు వానలకే పూడిక నిండుతుంది.

రైతులు లెక్కలు వేయగలరా అని సందేహం వద్దు. 2003 నుంచి కొన్నేళ్ల పాటు అనంతపురం సహా ఏడు కరవు జిల్లాల్లో ‘రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థలు’ అనే ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచారు. బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయబోయే పంటలకు కావాల్సిందెంత అని బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క చూసుకున్నాక చాలామంది తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

మీరేం చేయొచ్చు?

* ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని మీ ఊరి చెరువుకు నీళ్లు తెచ్చే వంక వెంట నడవండి. ఎక్కడ పూడింది, ఎక్కడ ఆక్రమణ ఉంది, ఎక్కడ చెత్త పోస్తున్నారు... రాసుకుని గ్రామసభలో అడగండి.
* నిలువు గోడలున్న డబ్బాను ఆరుబయట పెట్టి, స్కేలుతో వాన కొలవండి. పిల్లలకు ఇదో మంచి ఆట.
* వెయ్యి చదరపుటడుగుల డాబా మీద పది మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లకు పైగా నీళ్లు. వాటిని ఇంకుడు గుంతకు మళ్లించండి.
* చెరువు పూడికను పొలానికి తోలుకోండి. చెరువుకు లోతు, చేనుకు సారం.
* కొత్త బోరు వేసే ముందు వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోండి. పక్క బోరుకు ఎంత దూరమో చూసుకోండి.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరో దోషం చెరువులో లేదు. అది మనుషులు గీసుకున్న గీతలో ఉంది. రాజ్యాలు పోయాయి, గీతలు మారాయి. చినుకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ పల్లానికే నడుస్తోంది. ఈసారి మీ వాకిట్లో వాన నీళ్లు పారేటప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ నీరు వెళ్లే దారిలో ఎక్కడో మరో వాకిలి ఉంటుంది.