అవి సాలెపురుగులు కావు, భయం వద్దు

తుపాను వానలు మొదలయ్యాక మా దగ్గరకు వచ్చేవారిలో కొందరు ఇలా అడుగుతుంటారు: "వెలిగొండల వైపు వెళ్ళాం. రాతి సందులో సాలెపురుగులు వందలకొద్దీ వెంట్రుకల ముద్దలా అతుక్కుని ఉన్నాయి. దగ్గరకు పోగానే అన్నీ ఒక్కసారే ఊగాయి. మా పిల్లవాడు చెయ్యి పెట్టాడు. విషం ఎక్కుతుందా?"

ఎక్కదు. అసలు అవి సాలెపురుగులే కావు.

ఏమిటీ పురుగులు?

వీటిని ఇంగ్లీషులో హార్వెస్ట్‌మెన్, అంటే కోతగాళ్ళు అంటారు. చలి దేశాల్లో కోతల కాలంలో ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. ప్రపంచంలో 6,500కు పైగా రకాలున్నాయి. స్కాట్లాండులో దొరికిన వీటి శిలాజాలు సుమారు 40 కోట్ల సంవత్సరాల నాటివి. సాలెపురుగు, తేలు, పశువులకు పట్టే పిడుదు వీటికి దూరపు చుట్టాలు. అన్నిటికీ ఎనిమిది కాళ్ళే.

ఎలా గుర్తుపట్టాలి?

సాలెపురుగుకు సన్నని నడుము ఉంటుంది. వీటికి నడుము లేదు. ఒళ్ళంతా ఒకే గింజలా ఉండి, చుట్టూ వెంట్రుకల్లాంటి కాళ్ళుంటాయి. కళ్ళు రెండే. ఇవి దారం తీయవు, గూడు అల్లవు. ముఖ్యంగా, వీటికి విషగ్రంథులు లేవు. ఇంటి మూలల్లో గూడు కట్టి, ముట్టుకుంటే వణికే పొడుగు కాళ్ళది మాత్రం సాలెపురుగే. దానివల్ల కూడా మనకు హాని లేదు.

గుంపు ఎందుకు కడతాయి?

వీటి ఒంట్లో తడి త్వరగా ఆరిపోతుంది. అందుకే పగలు చెమ్మగా, నీడగా ఉన్నచోట కాళ్ళు పెనవేసుకుని ఉంటాయి. ఒకటి బెదిరితే అన్నీ ఊగి శత్రువును బెదరగొడతాయి. కొన్ని ఘాటు వాసన వదులుతాయి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కుంటే చాలు. కాలు పట్టుకుంటే దాన్ని వదిలేసి పారిపోతాయి. తెగిన కాలు కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. పిల్లలు సరదాకి కాళ్ళు పీకకుండా చూడండి, అవి మళ్ళీ మొలవవు. రాత్రిపూట చిన్న పురుగులను, చచ్చినవాటిని తిని ఇవి మేలే చేస్తాయి.

మరి దేనికి భయపడాలి?

"ఏదో సాలెపురుగు కుట్టిందిలే" అని ఊరుకోవడమే అసలు ప్రమాదం. కట్లపాము రాత్రిళ్ళు నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా సరిగా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే క్షణం ఆలస్యం చేయకండి. ఎర్రతేలు కుట్టిన పిల్లలకు విపరీతమైన చెమటలు, వాంతులు, కాళ్ళూ చేతులూ చల్లబడడం కనిపిస్తే అది గుండెకు ముప్పు.

ఇలాంటప్పుడు కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకండి. పసరు మందులకు, మంత్రాలకు పొద్దు పోనీయకండి. కుట్టిన కాలుగానీ చెయ్యిగానీ కదలనీయకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ఉంది. తేలుకాటుకు ప్రజోసిన్ అనే మందు ఉంది. రెండూ సమయానికి అందితేనే ప్రాణం నిలబెడతాయి.

రాత్రి మంచం మీద, దోమతెర దిగవేసుకుని పడుకోండి. పొద్దున్నే చెప్పులు దులిపి వేసుకోండి. రాతి సందులో ఊగే ఆ పొడుగు కాళ్ళ గుంపును మాత్రం పిల్లలకు దూరం నుండి చూపించి, దాని మానాన దాన్ని వదిలేయండి.