బొమ్మ అదే, బరువు పదో వంతు!

మీ ఫోన్లో 12 మెగాపిక్సెళ్ల ఫొటో ఒకటి తీశారు. దాని అసలు బరువెంతో మీకు తెలుసా? పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున 36 ఎంబీ! గ్యాలరీలో చూస్తే మాత్రం మూడో నాలుగో ఎంబీలే. మిగతాది ఫోన్ కొంత కుదించింది, కొంత పారేసింది. మీకు తెలియనే లేదు!

ఇంత నేర్పుగా పారేయడం కన్నుకు పుట్టుకతోనే వచ్చని మీకు తెలుసా? రెటీనాలో వెలుగును పట్టే కణాలు దాదాపు 10 కోట్లు. అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నాడిలో పోగులు సుమారు 10 లక్షలే. వందకు ఒకటి!

వెలుగునీడల్లో వెంట్రుకవాసి తేడాను కూడా పట్టేసే మన కన్ను, రంగుల సూక్ష్మాల దగ్గర మొద్దు. మీకు తెలుసా? అందుకే ఫొటోలను కుదించే జేపెగ్ పద్ధతి చాలాసార్లు రంగు వివరాల్లో నాలుగింట మూడొంతులు ముందే తీసేస్తుంది. ఆ ఒక్క దెబ్బకు సమాచారం సగమవుతుంది. అసలు కుదింపు ఇంకా మొదలే కాలేదు!

జేపెగ్‌కు గుండెకాయ లాంటి గణితాన్ని కనిపెట్టిందెవరో మీకు తెలుసా? బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్! 1972లో ఈ ఆలోచనతో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. మరీ తేలిగ్గా ఉందని తిప్పి పంపారు. ఆయన వదల్లేదు. జీతం లేని వేసవిలోనూ పని సాగించారు. 1974 జనవరిలో పరిశోధనపత్రం వెలువడింది. దాని మీద ఇంకో రెండు పేర్లున్నాయి: టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఆ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు చూశారుగా!

ఆ తేలికపాటి ఆలోచన మీదే 1992లో జేపెగ్ ప్రమాణం నిలబడింది. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. గడిలోని 64 పిక్సెళ్లను 64 అలలుగా మారుస్తుంది. కంటికి ఆనని సన్న అలలను సున్నా చేసేస్తుంది. ఒక్కోసారి 64లో అయిదారే మిగులుతాయి. అయినా ముఖం ముఖంలాగే ఉంటుంది!

మరి మిగిలిన ఆ అలల అంకెలను పొట్టిగా రాసే కిటుకు ఓ విద్యార్థిదని మీకు తెలుసా? 1951లో ఎంఐటీలో ప్రొఫెసర్ ఫానో, 'వ్యాసమైనా రాయండి, పరీక్షైనా రాయండి' అన్నారు. డేవిడ్ హఫ్‌మన్ వ్యాసం ఎంచుకున్నాడు. నెలల తరబడి తేలక, ఇక పరీక్షకే చదువుకుందామని కాగితాలు చెత్తబుట్టలో వేస్తుండగా జవాబు తట్టింది. ఫానో స్వయంగా తలపట్టుకున్న లెక్క అది! పరీక్ష తప్పించుకున్నందుకు ప్రపంచానికి మేలు జరిగిన సందర్భాలు ఎన్నని ఉంటాయి!

బ్యాంకు ఉద్యోగాలకు దరఖాస్తు చేసినవాళ్లకు ఐబీపీఎస్ కొలతలు కంఠతా వచ్చు. ఫొటో 200×230 పిక్సెళ్లు, బరువు 20 నుంచి 50 కేబీ. మీకు తెలుసా? కుదించకపోతే ఆ చిన్న ఫొటోయే 138 కేబీ! 140×60 సంతకం కూడా 25 కేబీ దాటుతుంది. దానికిచ్చిన హద్దు 20. నసీర్ అహ్మద్ లేకపోతే మన సంతకానికే చోటు లేదు!

జేపెగ్‌ను సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ 100 అంటే నూటికి నూరుపాళ్లు అనుకుంటున్నారా? అది శాతమే కాదు! 100 దగ్గర కూడా జేపెగ్ కొంత వదిలేస్తుంది. 90కి దించి చూడండి, ఫైలు తరచూ సగానికి పడిపోతుంది. తేడా కనిపెట్టాలంటే భూతద్దం పట్టాలి!

జేపెగ్‌ను పోలీసులే తిరస్కరించారని మీకు తెలుసా? కోట్ల వేలిముద్రల కార్డులను కంప్యూటర్‌కెక్కించాలనుకుంది అమెరికా ఎఫ్‌బీఐ. ఒక్కో కార్డు దాదాపు 10 ఎంబీ. జేపెగ్‌తో గట్టిగా కుదిస్తే గళ్ల అంచులు వేలిగీతలను పాడుచేశాయి. దాంతో 1993లో వేవ్‌లెట్ గణితంతో వేరే పద్ధతే తెచ్చుకున్నారు. బరువు పదిహేనో వంతుకు దిగింది. దొంగలకు మాత్రం ఊరట లేదు!

కుదింపు హద్దు మీరితే? 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ ఇంటి ప్లాన్ ఒకటి జిరాక్స్ యంత్రంలో స్కాన్ చేశాడు. 21.11 చదరపు మీటర్ల గది 14.13 అయి కూర్చుంది! ఒకేలా కనిపించే ముక్కలను యంత్రం ఒక్కసారే దాచుకుని, అన్నిచోట్లా దాన్నే అతికిస్తోంది. మసకబారితే కనిపెట్టేవారు, ఇదేమో చక్కగా అచ్చయిన తప్పంకె. గోడ కదలకుండానే గది చిన్నదైపోయింది!

ఇంకొక్కటి. జేపెగ్‌ను మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కాస్త కాస్త రాలుతుందని మీకు తెలుసా? అసలు ఫైలును భద్రంగా ఉంచి, నకలునే కుదించండి. వాట్సాప్‌లో పెళ్లి ఫొటోలు పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గా పంపితే ఒక్క పిక్సెల్ కూడా పోదు. అత్తయ్యగారి పట్టుచీర జరీ అంచు సహా!